తొలిచూలు బిడ్డకు పెట్టని పేరు

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నరసరావుపేట వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి పిల్లల వైద్యురాలిగా బదిలీ చేశారు. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. అప్పటికి పల్నాడు వేరే జిల్లా కాలేదు, గుంటూరు జిల్లాలోనే ఉండేది. నా హోదా సివిల్ సర్జన్ స్పెషలిస్టు. అసిస్టెంట్ సర్జన్‌గా ఉద్యోగంలో చేరినవాళ్ళు డిప్యూటీ సివిల్ సర్జన్ మీదుగా ఆ మెట్టు ఎక్కేసరికి జుట్టు నెరుస్తుంది. అక్కణ్ణుంచి చూసే రోగులు తగ్గి, పెట్టే సంతకాలు పెరుగుతాయి. సంతకాలంటే నాకు చిరాకు. అందుకని అడిగి మరీ నవజాత శిశువుల విభాగం బాధ్యత తీసుకున్నాను.

చేరిన రోజే నా గది తలుపు మీద రాయించే పేరు దగ్గర చిన్న పంచాయితీ జరిగింది. ఆఫీసు గుమాస్తా నా బదిలీ ఉత్తర్వు చూసుకొని, కాస్త మొహమాటపడి, "డాక్టర్ కె.పి. అమ్మ అని రాయిద్దామా మేడం, బాగుంటది" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయించమన్నాను. డాక్టర్ కె. పుల్లమ్మ. నా పేరును సవరించాలని చూసినవాళ్ళలో అతను మొదటివాడు కాదు. మెడికల్ కాలేజీ హాస్టల్లో నన్ను ఐస్‌పుల్ల అనేవాళ్ళు. నేను లావుగా ఉండేదాన్ని కాబట్టి వాళ్ళకు అదో సరదా. పేరు మార్చుకోవడానికి దరఖాస్తు ఎలా పెట్టాలో కూర్చోబెట్టి చెప్పిన శ్రేయోభిలాషులూ ఉన్నారు. నేను మార్చుకోలేదు. అది నాకు అందం కోసం పెట్టిన పేరు కాదు, బతకడం కోసం పెట్టిన పేరు.

ఈ కాలం పాఠకులకు ఆ సంగతి చెప్పాలి. పుల్లాకు అంటే తిని పారేసిన విస్తరాకు, ఎంగిలాకు. ఒక ఇంట్లో పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టినదాన్ని ఎంగిలాకు మీద పొర్లించేవాళ్ళు. ఆ ఇంటికి సంబంధం లేని ఆడమనిషి ఒకామె వచ్చి, ఎవరో పారేసిన పిల్ల అంటూ ఎత్తుకునేది. తల్లి ఆమెకు చాటెడు తవుడు ఇచ్చి ఆ పిల్లను కొనుక్కునేది. మగపిల్లాడైతే పుల్లయ్య, ఆడపిల్లయితే పుల్లమ్మ. పెంటకుప్ప మీద పడుకోబెట్టిన ఇళ్ళలో పెంటయ్య, పెంటమ్మ. వాళ్ళ ఆలోచన ఒకటే. ముద్దొచ్చే బిడ్డ మీద చావు కన్ను పడుతుంది. ఎంగిలాకులో దొరికి, తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డను అదేం చేసుకుంటుంది?

నాకు ముందు ఇద్దరు పోయారట. "అట" అని ఎందుకంటున్నానంటే ఆ మాట అమ్మ ఏనాడూ తన నోటితో చెప్పలేదు, మా మేనత్త చెప్పింది. పిల్లల వైద్యంలో ఎం.డి. చదువుతున్నప్పుడు ఒకసారి సెలవులకు వెళ్ళి, వాళ్ళకు ఏం జబ్బు చేసిందని అమ్మను అడిగాను. ఆమె కూర తరగడం ఆపి లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. నలుగురిలో నన్ను ముద్దుపెట్టుకోలేదు, బాగున్నావని అనలేదు. కొత్త గౌను తొడిగితే దాని అంచుకు కాస్త మసి పూసేది. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఆ భయం ఆమెను వదల్లేదు.

నా చిన్నప్పుడు రొంపిచెర్ల మొదలు వెల్దుర్తి దాకా ఏ బడిలో హాజరు పిలిచినా ఒక పుల్లయ్యో పుల్లమ్మో పలికేవాళ్ళు. నాలుగు అక్షరాలు నేర్చిన ఇళ్ళలో పుల్లయ్య పుల్లారావు అయ్యాడు. నేను ఉద్యోగంలో చేరేనాటికి అవి తాతల పేర్లు, నాయనమ్మల పేర్లు అయిపోయాయి. నా చేతుల్లో పడ్డ పసిపిల్లలు మొదట శిరీషలు, స్వాతులు, తర్వాత దివ్యలు, ఆ తర్వాత హన్వికలు, రిత్విక్‌లు. టీకాలు వచ్చాయి, కాన్పులు ఆసుపత్రికి చేరాయి, పిల్లలు నిలబడ్డారు, ఆ పేరుకు చెయ్యాల్సిన పని లేకుండా పోయింది. ఒక పేరు ఇలా వాడుక తప్పడం మా వృత్తికి దక్కిన మెచ్చుకోలని నర్సింగ్ విద్యార్థినులకు గొప్పగా చెప్పేదాన్ని.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం అంబులెన్సులో ఒక పాప వచ్చింది. పక్క ఊళ్ళో ఒక నర్సింగ్ హోంలో సిజేరియన్ కాన్పు. తల్లి ఇంకా లేవలేక అక్కడే ఉండిపోయింది. పాప వెంట తండ్రి, నాయనమ్మ వచ్చారు. తండ్రి పేరు శ్రీను, రొంపిచెర్ల దగ్గర మిరప వేసే రైతు. నాయనమ్మ కోటమ్మ, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. నర్సింగ్ హోం వాళ్ళు రాసిచ్చిన చీటీలో ఉన్నది ఇంతే: నెలలు నిండిన బిడ్డ, మంచి బరువు, పుట్టగానే ఏడ్చింది, రెండు రోజులు బాగా పాలు తాగింది, మూడో రోజు మానేసింది, నీరసం, ఇన్ఫెక్షన్ అనుమానం.

మా విభాగంలో రెండు గదులుంటాయి. మా ఆసుపత్రిలో పుట్టినవాళ్ళకు ఒకటి, బయటినుంచి వచ్చినవాళ్ళకు ఒకటి. బయటి క్రిములు లోపలివాళ్ళకు అంటకూడదని ఆ ఏర్పాటు. లోపలికి తీసుకోగానే బట్టలన్నీ విప్పి, తుడిచి, కాలికి పట్టీ కడతారు. పసిబిడ్డకు ఆసుపత్రిలో పేరుండదు, తల్లి పేరే దాని పేరు. ఈ పాప పట్టీ మీద "బేబీ ఆఫ్ అనూష" అని రాశారు. పాపను తుడుస్తున్న సిస్టర్ విజయ నన్ను పిలిచి మెడ వెనక చూపించింది. జుట్టు మొదట్లో ఒక అన్నం మెతుకు ఎండి అతుక్కొని ఉంది. చుట్టూ పెరుగు చారిక.

నాకు ఒళ్ళు మండింది. బయటికి వచ్చి, మూడు రోజుల బిడ్డ ఒంటి మీదకు అన్నం ఎలా వచ్చిందని కోటమ్మను నిలదీశాను. "నేను తింటా ఎత్తుకున్నానేమోనమ్మా, పడుంటది" అంది. చేతులు కడుక్కోకుండా పిల్లను ముట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు గట్టిగానే చెప్పాను. చీటీలో రాసిన ఇన్ఫెక్షన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. ఆ మెతుకు నన్ను తప్పుదోవ పట్టించింది.

తర్వాత మామూలుగా అడగాల్సినవి అడిగాను. మేనరికమా అంటే అవునంది. కోడలు అనూష ఆమె సొంత తమ్ముడి కూతురు. ఎన్నో కాన్పు అని అడిగాను.

"తొలిచూలేనమ్మా" అంది కోటమ్మ.

రెండు వైపులా ఎవరికైనా పసిపిల్లలు పోయారా అంటే, మా ఇంటా వంటా లేదంది. శ్రీను నేల చూపులు చూస్తున్నాడు. అలసట అనుకున్నాను. కాగితం మీద తొలి కాన్పు అని రాసుకొని లోపలికి వెళ్ళాను.

ఇన్ఫెక్షన్‌కు చెయ్యాల్సిందంతా చేశాం. రక్తం తీసి పరీక్షకు పంపి, ఫలితం రాకముందే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కొద్దికొద్దిగా పాలు పట్టించాను. కడుపు ఉబ్బకుండా, వాంతి లేకుండా ఉంటే పాలు పూర్తిగా ఆపకూడదన్నది మా పద్ధతి. నూటికి తొంభై తొమ్మిది మంది పిల్లలకు అదే మంచిది.

సాయంత్రానికి రక్త పరీక్షలు వచ్చాయి. ఇన్ఫెక్షన్ గుర్తులు ఏమీ లేవు. పాప మాత్రం ఇంకా దిగజారింది. అరికాలు గిల్లితే కాలు లాక్కోవడం లేదు. ఊపిరి వేగంగా, లోతుగా, ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చినట్టు తీస్తోంది. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తులు నిర్మలంగా ఉన్నాయి. పిల్లల డాక్టర్లు చాలా వాటికి అలవాటు పడతారు కానీ ఈ ఊపిరికి అలవాటు పడరు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేకుండా బిడ్డ అలా ఎగపోస్తోందంటే, రక్తంలో ఆమ్లం పేరుకుంటోంది, దాన్ని బయటికి నెట్టడానికి ఒళ్ళు తంటాలు పడుతోందని అర్థం. ఆమ్లం ఎందుకు పేరుకుంటోందో నాకు తెలియలేదు. గుంటూరు పెద్దాసుపత్రికి పంపుదామంటే దారిలోనే పోతుందేమోనని భయం. ఉంచుకుంటే నా కళ్ళముందే పోతుందని భయం. చేతులు కడుక్కునే నెపంతో నీళ్ళ పంపు దగ్గర కాసేపు నిలబడ్డాను.

గదికి అద్దాల కిటికీ ఉంటుంది. ఇంటివాళ్ళు బయటినుంచి చూడవచ్చు. నేను వరండాలోకి వచ్చేసరికి శ్రీను ఆ అద్దానికి నుదురు ఆనించి భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నన్ను చూడలేదు.

"ఏడవమాక అనూ. పుల్లమ్మకేం కాలేదు. పడుకొనుండది, ఇక్కణ్ణుంచి కనపడతానే ఉండది" అంటున్నాడు.

పుల్లమ్మ ఎవరని అడిగాను. అతను ఉలిక్కిపడి ఫోను దించాడు. "పాపేనండీ. మా అమ్మ అట్టా పిలుస్తది" అన్నాడు.

హన్వికల కాలంలో, ఫోన్లో పేర్లు వెతికి పెట్టుకునే కాలంలో, మూడు రోజుల ఆడపిల్లను పుల్లమ్మ అంటున్నారు. మెడ వెనక ఎండిన మెతుకు కోటమ్మ తింటుంటే పడింది కాదు. ఆ బిడ్డను ఎంగిలాకు మీద పొర్లించారు. తొలిచూలు బిడ్డను ఎవరూ ఎంగిలాకు మీద పొర్లించరు. తొలిచూలు బిడ్డకు ఎవరూ ఆ పేరు పెట్టరు.

ఈ పాపకు ముందు పోయినవాళ్ళున్నారు. మేనరికం ఉంది. పుట్టినప్పుడు బాగుండి, పాలు వంటబట్టే వేళకు బిడ్డ పడిపోయింది. ఈ మూడూ ఒకచోట చేరితే వైద్యుడు ముందు అనుమానించాల్సింది ఇన్ఫెక్షన్‌ని కాదు. పాలలోని మాంసకృత్తులను అరాయించుకొనే శక్తి పుట్టుకతోనే లోపించే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఆ పిల్లలకు తల్లి పాలే విషం. మధ్యాహ్నం నుంచి గొట్టంలో పాలు పోయిస్తున్నది నేనే.

లోపలికి వెళ్ళి పాలు ఆపించాను. గ్లూకోజు ఎక్కించమని, మూత్రానికి సంచి అతికించమని సిస్టర్‌తో చెప్పాను. సిస్టర్ తలుపు దగ్గరికి వచ్చి పాలు ఆపామని చెప్పగానే కోటమ్మ అడ్డం వచ్చింది. "పాలు మానిపిచ్చారా? ఆకలికి పోద్దమ్మా. పాలు మానిపియ్యబాకండి, మీకు దణ్ణం పెడతా" అని గడప మీద కూర్చుంది. కసరడానికి నాకు నోరు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకొని వరండా చివర బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

పక్కన కూర్చోబెట్టుకొని, ఈ పాపకు ముందు ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరంది. మళ్ళీ అడిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల అడ్డంగా ఊపింది. తమ్ముడి కూతుర్ని పట్టుబట్టి కోడలిగా తెచ్చుకున్నది ఆమే కాబట్టి నింద తన మీదకు వస్తుందన్న భయం ఉంది. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉందని నాకు తెలుసు. అది మా అమ్మ ముఖంలో చూశాను.

"నా పేరేందో తెలుసా కోటమ్మా?" అన్నాను.

"పెద్ద డాక్టరమ్మ అంటన్నారు."

"పుల్లమ్మ. మా అమ్మ నన్నూ ఆకు మీద పొర్లిచ్చింది. చాటెడు తవుడు పోసి కొనుక్కుంది."

ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. నెరిసిన జుట్టు, తెల్ల కోటు, మెడలో స్టెతస్కోపు. ఇంత వయసు వచ్చిన పుల్లమ్మను చూడటం ఆమెకు అవసరమైందేమో, చాలాసేపు చూసింది. నేను చెప్పదలచుకున్నది చెప్పాను. నాకు ముందు పోయినవాళ్ళకు ఏమైందో అమ్మ చెప్పలేదు. నేను బతికిపోయాను కాబట్టి సరిపోయింది. ఆ మాట నాకు తెలియకపోతే ఈ పిల్ల బతకదు.

"చెప్తే వినపడుద్దక్కా" అంది. అప్పటిదాకా డాక్టరమ్మా అన్న మనిషి అక్కా అంది. ఎవరికి వినపడుతుందో ఆమె అనలేదు, నేనూ అడగలేదు. పోయిన బిడ్డల్ని లెక్కపెడితే ఉన్నదాన్ని కూడా ఆ లెక్కలో కలుపుకుంటుందని పల్నాటి ఆడవాళ్ళు చాలామంది నమ్మేవాళ్ళు. పైకి అననక్కర్లేదు, నా చెవిలో చెప్పమన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, ఊపిరితో చెప్పింది. ఇద్దరు మగపిల్లలు. ఇద్దరూ పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నారు. ఇద్దరూ రెండు రోజులు తాగి మూడో రోజు పాలమీంచి మొహం తిప్పుకున్నారు. నిద్దర, నిద్దర, తర్వాత ఇదిగో ఇట్టాంటి ఊపిరి. మొదటివాడు ఎడ్లపాడు దగ్గర అనూష పుట్టింట్లో ఉండగా పోయాడు, రెండోవాడు గుంటూరులో. ఒక్కో కాన్పుకు ఒక్కో ఆసుపత్రి మార్చారు, పోయినసారి చోటు అచ్చిరాలేదని. అందువల్ల ఇద్దరినీ చూసిన డాక్టరు ఒక్కరూ లేకపోయారు. చూసినవాళ్ళంతా ఇన్ఫెక్షన్ అనే రాశారు. ఈసారి కూడా చోటు మార్చారు.

ఆకు సంగతి కూడా చెప్పింది. నర్సింగ్ హోంలో అందరూ ప్లేట్లలోనే తింటారు కాబట్టి విస్తరాకు ఇంటినుంచే సంచిలో పెట్టుకొని వెళ్ళింది. తనే పెరుగన్నం తిని, ఆకు దులపకుండా దాని మీద మనవరాలిని పడుకోబెట్టింది. అక్కడి ఆయాను బతిమాలి ఎత్తుకోమంది. తీరా కొనుక్కునే వేళకు తవుడు లేదు. ఆ ఊళ్ళో ఏ కొట్లోనూ దొరకలేదు. ఆయా చేతిలో బిస్కట్ పాకెట్ పెట్టారు.

"తవుడే ఇయ్యాల్సిందక్కా. బిస్కట్లిచ్చాం. అందుకే గావాల ఇట్టా అయింది" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బిస్కట్ల వల్ల ఏమీ కాలేదని చెప్పి లేచాను.

మూత్రం వచ్చింది. అందులో ముంచే కాగితం పుల్ల మీద కీటోన్లు అనే ఒక రకం ఆమ్లాలను చూసే గడి ఒకటి ఉంటుంది. పెద్దవాళ్ళకు, షుగరు రోగులకు అది రంగు మారడం మామూలే. పుట్టిన వారంలోపు బిడ్డకు మారకూడదు. నేను చూస్తుండగానే అది ముదురు వంకాయ రంగుకు తిరిగింది. గుంటూరులో మా వృత్తిలోనే ఉన్న ఒక ప్రొఫెసర్‌కు ఫోను చేసి అంతా చెప్పాను. పాలు ఆపి మంచి పని చేశావు, గ్లూకోజు వేగం పెంచు, బి12 ఇంజెక్షన్ మొదలుపెట్టు, ఊపిరి కుదుటపడ్డాక గానీ కదిలించవద్దన్నాడు. ఈ జబ్బుల్లో ఒక రకం బి12 విటమినుకు లొంగుతుంది. కొన్ని లొంగవు. ఏ రకమో తేలడానికి, ప్రత్యేకమైన కాగితం మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి హైదరాబాదులో ఒక ల్యాబుకు పంపాలి. జవాబు వచ్చేదాకా ఆగితే బిడ్డ ఉండదు. పెద్దవాళ్ళకు తిమ్మిర్లకు వాడే బి12 మందు శ్రీను బజారునుంచి తెచ్చాడు. పిల్లలకు సరైన రకం ప్రొఫెసర్ మర్నాడు బస్సులో పంపించాడు.

తెల్లారింది. పాపలో మార్పు లేదు. ఆ ఉదయం నాకు పట్టుకున్న భయం ఇంకో రకం. ఒక పేరు విని వైద్యం మార్చాను. మూత్రం పరీక్ష తోడున్నా, నా నమ్మకానికి మొదలు ఆ పేరే. నేను పొరపడి ఉంటే పాలు తాగాల్సిన బిడ్డను పస్తు పెట్టి చంపినదాన్ని అవుతాను. కేసు కాగితంలో "కుటుంబంలో ఇదే తీరు మరణాలు" అని రాసి సంతకం చేశాను. నేను చిరాకుపడే సంతకాల్లో అంత బరువైనది ఇంకొకటి పెట్టలేదు.

ఆ మర్నాడు పొద్దున నేను వార్డు తలుపు తీస్తుండగా లోపలినుంచి ఏడుపు వినిపించింది. బలహీనంగా ఉన్నా, అది కోపంగా, ఆగకుండా వచ్చే ఆకలి ఏడుపు. సిస్టర్ విజయ నవ్వుతోంది. ఊపిరి నెమ్మదించింది, అరికాలు ముట్టుకుంటే కాలు తన్నుతోంది. అద్దం బయట కోటమ్మ నిలబడి ఉంది. బాగుంది అని చెప్పబోయాను. ఆమె గభాలున చెయ్యి అడ్డం ఊపి, "అనమాకక్కా" అంది. అనలేదు.

నాలుగైదు రోజులకు అనూష వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. తొట్టి పక్కన కూర్చుని గోడవైపు చూసేది. పాపను కళ్ళతో చూడలేదు. పోయిన ఇద్దరినీ కళ్ళారా చూసుకున్నానని, అందుకే వాళ్ళు దక్కలేదని సిస్టర్‌తో చెప్పిందట. బలవంతపెట్టవద్దని అందరికీ చెప్పాను. కొలిచి, తక్కువ పాలతో మళ్ళీ మొదలుపెట్టిన రోజున ఉగ్గుగిన్నె ఆమె చేతికే ఇచ్చాం. పాలు ఒలకకుండా పట్టాలంటే బిడ్డ మూతి చూడక తప్పదు. సగం పాలు పాప మెడ మీద పోయాయి, కానీ చూసింది.

హైదరాబాదు జవాబు వచ్చింది. జబ్బు పేరు మిథైల్ మలోనిక్ ఎసిడీమియా. బి12కు లొంగే రకం. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగి ఉన్న లోపం బిడ్డలో జత కలుస్తుంది. దగ్గరి రక్తంలో ఆ జత కలవడానికి అవకాశం ఎక్కువ. ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ప్రమాదం ఉంటుంది. ఇదంతా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. కోటమ్మ ఒక్కటే అడిగింది: "అయితే నేను చేసిన మేనరికమేనా?" అబద్ధం చెప్పలేదు. అదొక కారణం, అది పాపం మాత్రం కాదన్నాను. ఆమె తల ఊపింది. అనూష ఆమె కొంగు సరిచేసింది.

ఇంటికి పంపేటప్పుడు జనన ధ్రువపత్రానికి పేరు కావాలన్నారు. శ్రీను ఫోన్లో రెండు మూడు రాసిపెట్టుకున్నాడు. కోటమ్మ ఒప్పుకోలేదు, ఐదేళ్ళు నిండేదాకా పుల్లమ్మేనంది. పత్రంలో సహస్ర అని రాయించి, ఇంట్లో ఎట్లా అయినా పిలుచుకోమని నేను తీర్పు చెప్పాను. ఒక షరతు మాత్రం పెట్టాను. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ముందు ఇంట్లో పిలిచే ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి.

ఆ పిల్ల ఇంజెక్షన్లు వేయించుకుంటూ, కొలిచి పెట్టిన తిండి తింటూ పెరుగుతోంది. బళ్ళో సహస్ర. నేను పదవీ విరమణ చేసిన తర్వాత వాళ్ళకు ఒక మగపిల్లాడు పుట్టాడు. పుట్టిన రోజే రక్తపు చుక్కలు పంపించారు, వాడిలో లోపం లేదు. ఇరవై ఒకటో రోజున కోటమ్మ ఫోను చేసింది. "ఈడికి మంచి పేరే పెట్టామక్కా" అంది. ఆ పేరేమిటో చెప్పింది కానీ, నాకు నోరు తిరగలేదు.

ఈ సంఘటన తర్వాత ఉద్యోగంలో మిగిలిన కాలమంతా నేను బిడ్డ చరిత్ర తీసుకొనే తీరు మార్చాను. ఎన్నో కాన్పు అని అడిగితే భయపడ్డ ఇల్లు తొలిచూలు అనే చెబుతుంది. ఇంట్లో బిడ్డను ఏమని పిలుస్తున్నారని అడిగేదాన్ని. తర్వాత ఆ ఇంటి పెద్దామెను ఒక్కదాన్నే పక్కకు పిలిచేదాన్ని. ఆ పేరు వాడుక తప్పడం మా వృత్తికి మెచ్చుకోలని చెప్పడం కూడా మానేశాను. ఆ పేరు ఉన్నన్నాళ్ళూ, ఇంటివాళ్ళు దాచిన సంగతి బిడ్డ పేరే చెప్పేది. ఇప్పటి పేర్లు ఏమీ చెప్పవు. పిల్లలు పోతున్న ఇళ్ళు తగ్గాయి కానీ లేకుండా పోలేదు, ఆ ఇళ్ళలో భయం మా అమ్మ కాలంలో ఎంత ఉందో అంతే ఉంది. కాబట్టి డాక్టరే అడగాలి. అడిగి, చెవి దగ్గరగా పెట్టాలి.